పార్సిల్ వరుసలో మా హిస్టరీ మేడమ్

"తన పంతం కోసం ఒక పేదవాడి పొట్ట కొట్టింది."

మా హిస్టరీ మేడమ్ మీద ఉన్న అభియోగం ఇది. గురువారం ఉదయం ఆమె ఆసుపత్రిలో కన్నుమూశారన్న వార్త మన తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడుతుండగా మధ్యలో ఒకరు ఈ వాక్యం రాశారు. కాసేపటికి తీసేశారు. తీసేసేలోపు అందరం చదివాం. ఆ తర్వాత అదే మాటను ఫోన్లలో విన్నాను, కిరాణా కొట్టు ముందు విన్నాను, పరామర్శకు వచ్చినవాళ్ళు టీ తాగుతూ అనుకుంటుంటే విన్నాను.

సభకు వచ్చిన పెద్దలకు నమస్కారం. నేను కాలేజీలో డిబేట్లు చేసేదాన్ని. వాదనకు దిగే ముందు అవతలివారి అభియోగాన్ని నీళ్ళు కలపకుండా చెప్పాలని నాకు నేర్పింది మేడమే. "ఎదుటోడి మాట ఎదుటోడికంటే బాగా చెప్పు పాపా. ఆ తర్వాత కొట్టు," అనేవారు. కనుక ఒప్పుకుంటున్నాను, ఆ వాక్యంలో సగం నిజం. ఒక పేదవాడి పొట్ట మీద దెబ్బ పడింది. కొట్టిన చెయ్యి ఎవరిదన్నదే ప్రశ్న. ఆ చెయ్యి ఈ హాల్లోనే ఉందని నా వాదన.

మేడమ్‌ది అనంతపురం జిల్లా. గల్ఫ్‌కి వచ్చి ఇక్కడ అబూ హమూర్‌లో మా స్కూల్లో చరిత్ర చెప్పేవారు. ఉమ్ ఘువైలినాలో మేముండే బిల్డింగులోనే మా పై అంతస్తులో ఆమె, భర్త, ఇద్దరే ఉండేవారు. ఆయన్ని అందరం సార్ అంటాం. అవసరమైతే తప్ప నోరు విప్పని మనిషి. క్లాసులో పొరపాటున కూడా తెలుగు దొర్లనివ్వని మేడమ్, స్కూలు బస్సు దిగీ దిగగానే సీమ మాటలోకి వచ్చేసేవారు. శుక్రవారం పొద్దున ఆమె వంటింట్లోంచి ఉగ్గాణి తాలింపు వాసన మెట్లు దిగి మా గుమ్మంలోకి వచ్చేది. ఆ వెనకే పిలుపూ వచ్చేది.

మా బిల్డింగులో ఒక అలవాటు ఉంది. చెత్తబండితో క్లీనర్ లిఫ్టు ముందు నిలబడితే, లోపలున్నవాళ్ళు తలుపు మూసే బటన్ నొక్కేస్తారు. అతనూ ఎక్కడానికి ముందుకు రాడు. గోడ వైపు జరిగి, చూపు దించుకుని, లిఫ్టు మళ్ళీ ఖాళీగా వచ్చేదాకా ఆగుతాడు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పరు. మేడమ్ మాత్రం తలుపుకి కాలు అడ్డం పెట్టేవారు. "యల్లా భాయ్, ఆజావో," అని పిలిచేవారు. బండి లోపలికి రాగానే మిగిలినవాళ్ళు ముక్కులు మూసుకుని దిగిపోయేవారు. "చూస్తివా, మనకు చోటు పెరిగింది," అని ఆమె నా వైపు చూసి నవ్వేవారు.

పదో తరగతిలో ఆమె మాకు జాతి విభజన గురించి చెప్పారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లవాళ్ళకు వేరే బడులు, వేరే మంచినీటి కుళాయిలు, బస్సుల్లో వెనక సీట్లు. దక్షిణాఫ్రికాలో పుట్టిన నేల మీద తిరగడానికి జేబులో పాసు, పార్కులో కూర్చోవడానికి వేరే బల్ల. మేం నోట్సుకి పెన్నులు తీశాం. ఆమె ఏమీ రాయించలేదు. మర్నాడు వచ్చేటప్పుడు మా ఇళ్ళలో పనిచేసే ఆమో, డ్రైవరో టీ తాగే గ్లాసును తీసుకురమ్మన్నారు.

మర్నాడు మేడమ్ టేబులు నిండింది. అంచు విరిగిన కప్పులు, రంగు వెలిసిన ప్లాస్టిక్ మగ్గులు, ఖాళీ పెరుగు డబ్బా, లేబులు సగం ఊడిన జామ్ సీసా. ఆమె వాటిని ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూశారు. తర్వాత మమ్మల్ని అడిగారు, ఏ గ్లాసు తేవాలో ఇంట్లో ఎవరినైనా అడిగి తెలుసుకున్నారా అని. క్లాసులో ఒక్క చెయ్యీ లేవలేదు. అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. అందరికీ తెలుసు.

నేను లేచాను. అక్కడ వేరు చేసింది చట్టం, ఇక్కడ ఏ చట్టమూ మన వంటింట్లోకి వచ్చి గ్లాసులు విడదీయలేదు, ఇది వట్టి అలవాటు, రెండింటినీ ఒకే గాటన కట్టడం తర్కం కాదని వాదించాను. ఆమె అడ్డు రాకుండా చివరిదాకా విన్నారు. విని, ఆ ఒక్కసారే క్లాసులో తెలుగు మాట్లాడారు.

"వాళ్ళు రాసుకోవాల్సి వచ్చింది పాపా. రాసినదాన్ని చెరపొచ్చు. మనకు రాయకుండానే జరిగిపోతా ఉండాది. దేన్ని చెరుపుతావు?"

ఆమె పుట్టిన ఊరి టీ కొట్టులో గ్లాసులు రెండు రకాలుగా ఉండేవని నాకు తర్వాతెప్పుడో చెప్పారు. లోపల కడిగి బోర్లించినవి ఒక రకం. బయట చూరుకి గుచ్చినవి ఇంకో రకం. తాగినవాళ్ళే కడిగి మళ్ళీ అక్కడే పెట్టాలి. ఆ బయటి గ్లాసు సంగతి ఆమె ఏ పుస్తకంలోనూ చదవలేదు. తన నాయన చేతిలో చూశారు. ఈ మాట చెప్పింది ఒక్కసారే. నేను సానుభూతి మొహం పెట్టానని కాబోలు, వెంటనే నా హోంవర్కు గురించి అడిగారు.

బస్సులెక్కడం మానేసి ఏడాదికి పైగా నడిచిన నల్లవాళ్ళ ఊరి గురించి చెప్పేటప్పుడు ఆమె నాయకుల దగ్గర ఎక్కువసేపు ఆగేవారు కాదు. నడిచిన ఆడవాళ్ళ చెప్పులు అరిగితే ఎవరు కుట్టారు, నడిచొచ్చి వంట ఏ వేళకు చేశారు, పనికి ఆలస్యమైతే దొరసాని ఏమంది, ఇవి అడిగేవారు. "ఎదిరించడం రెండు రకాలు," అని ఇంటి దగ్గర నాతో అనేవారు. "కూర్చోనియ్యని చోట పోయి కూర్చోవడం ఒకటి. మనల్ని మాత్రమే కూర్చోనిచ్చే చోట కూర్చోకుండా ఉండడం ఇంకోటి. రెండోది కష్టం. ఆ కుర్చీ మెత్తగా ఉంటాది."

ఇక కొన్నేళ్ళ కిందటి ఉగాది సంగతికి వస్తాను. ఇక్కడున్నవారిలో చాలామంది ఆ రోజు ఇదే హాల్లో, మెసైమీర్‌లో ఈ పైకప్పు కిందే ఉన్నారు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను.

ఏటా మన సంఘం ఉగాది విందుకి కంపెనీ లేబర్ క్యాంపు నుంచి కూలీలు వస్తారు. జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్ళు. కట్టడాల మీద పనిచేసేవాళ్ళు. వారంలో దొరికే ఒక్క సెలవు రోజున తెల్లారకముందే కంపెనీ బస్సులో వచ్చి మామిడాకులు కడతారు, కుర్చీలు వేస్తారు, గుండిగలు మోస్తారు, పచ్చడి కలుపుతారు. కుటుంబాలు వచ్చే వేళకు కమిటీవారు చప్పట్లు చరిచి వాళ్ళను పంపేస్తారు. పోయేటప్పుడు తలా ఒక పార్సిల్ ఇస్తారు. ఎందుకంటే ఆహ్వాన పత్రిక మీద "కుటుంబాలకు మాత్రమే" అని ఉంటుంది. ఊళ్ళో ముగ్గురు పిల్లలున్నవాడైనా, మనవణ్ణి ఎత్తినవాడైనా, భార్యను వెంట తెచ్చుకునే జీతం లేకపోతే ఇక్కడ బ్యాచిలరే. ఈ పేరు మొదట పెట్టింది మనం కాకపోవచ్చు. మన పత్రిక మీద, మన భాషలో, మన పండక్కి రాసుకున్నది మాత్రం మనమే.

ఆ ఉగాదికి మేడమ్ ముఖ్య అతిథి. మన సంస్కృతి మీద మాట్లాడాలి. ముందు వరసలో ఆమె పేరు అతికించిన కుర్చీ ఉంది. హాలు సగం నిండేవేళకు వచ్చారు. బయట పార్సిళ్ళ కోసం నిలబడ్డ వరస చూశారు. లోపలికి వచ్చి, తన కుర్చీ చూశారు. వెనక్కి తిరిగి వెళ్ళి ఆ వరస చివర నిలబడ్డారు. తన వంతు వచ్చినప్పుడు పార్సిల్ తీసుకుని, బస్సు నీడలో గట్టు మీద కూర్చుని పులిహోర పొట్లం విప్పారు. నేను వెనకాలే వెళ్ళి తలుపు దగ్గర ఆగిపోయాను.

ఆ మగవాళ్ళలో ఒక్కరి చెయ్యీ నోటి దాకా పోలేదు. పట్టుచీర కట్టుకున్న టీచరమ్మ రోడ్డు పక్కన కూర్చుని తింటోందంటే వాళ్ళకు తోచిన అర్థం ఒక్కటే. లోపల ఆమెను ఎవరో అవమానించారు. వాళ్ళలో పెద్దవాడు, అందరూ మేస్త్రీ అని పిలిచే ఆయన, దగ్గరికి వచ్చి వంగి అడిగాడు.

"మేడమ్, లోపట మిమ్ముల ఎవలన్న ఏమన్న అన్నరా?"

ఆమె లేదన్నట్టు తల ఊపారు. నోట్లో ముద్ద ఉండి మాట రాలేదు. ఆయనకు అది దుఃఖాన్ని మింగుతున్నట్టు కనబడింది. సీసాలో నీళ్ళతో చెయ్యి కడుక్కున్నాడు, భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు, నన్ను దాటుకుని హాల్లోకి వెళ్ళాడు. పొద్దున తను పరిచిన తివాచీ మీద, పసుపు మరకల చొక్కాతో నడిచి సరిగ్గా మధ్యలో నిలబడ్డాడు.

"మా మేడమ్‌కు కుర్సీ ఎందుకియ్యలే? గింత మంది కూసున్నరు. ఆమెకొక్కదానికే దొర్కలేదా?"

హాలంతా నవ్వింది. మీలో ఎవరో ముందు వరసలో పేరు అతికించిన కుర్చీ వైపు చెయ్యి చూపించారు. మేస్త్రీ చూశాడు. ఎవరూ పొమ్మనకపోయినా ఆమె తనంతట తనే లేచి వచ్చిందని అప్పుడు అర్థమైంది. ఎందుకు వచ్చిందో కూడా అర్థమైనట్టుంది. ఎందుకంటే ఆయన చూపు ఆ కుర్చీ మీంచి దాని పక్క కుర్చీకి, అక్కణ్ణుంచి వెనక వరసలకు పోయింది. తర్వాత అన్న మాటలో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు.

"మరి గిన్ని కుర్సీలు ఖాళీగున్నయి గదా?"

నవ్వు ఆగిపోయింది. నేను ఎన్నో పోటీల్లో మాట్లాడాను, కప్పులు తెచ్చుకున్నాను. ఇంతమందిని ఒక్క ప్రశ్నతో ఇంత నిశ్శబ్దంగా కూర్చోబెట్టడం నా వల్ల ఎప్పుడూ కాలేదు. కమిటీ పెద్దాయన ఒకరు వచ్చి మేస్త్రీ జబ్బ పట్టుకుని, "యల్లా, యల్లా, బయటికి పద బాబూ, ఇది ఫ్యామిలీస్ ఫంక్షనయ్యా," అంటూ తలుపు దాకా నడిపించారు.

ఆ తర్వాత కంపెనీకి ఒక ఫోను వెళ్ళింది. మీ మనిషి ఆడవాళ్ళున్న చోటికి జొరబడి గొడవ చేశాడని చెప్పారు. ఆ ఫోను మేడమ్ చెయ్యలేదు. మేస్త్రీ కాంట్రాక్టు పొడిగించే సమయం దగ్గరపడింది. పొడిగించేది లేదని కంపెనీ చెప్పేసింది.

మేడమ్ పరిగెత్తారు. ఆ మాటే వాడాలి. ఎండలో క్యాంపు ఇన్‌ఛార్జి దగ్గరికి వెళ్ళారు. ఫిర్యాదు చేసింది మీ తెలుగువాళ్ళే, వాళ్ళు వెనక్కి తీసుకుంటే చూద్దామన్నాడాయన. అక్కణ్ణుంచి కమిటీ పెద్దాయన ఇంటికి వెళ్ళారు. నన్ను తోడు తీసుకెళ్ళారు కనుక అక్కడ నడిచిన మాట నేను విన్నాను. "ఏమండీ మేడంగారూ, తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళకి మేమేం చెప్తామండీ? మీరు నలుగురిలో ఒక్క క్షమాపణ చెప్పండి. మేం కంపెనీతో మాట్లాడతాం," అన్నారు.

మేడమ్ ఎవరికీ తలవంచిన మనిషి కాదు. గ్లాసుల పాఠానికి స్కూలువాళ్ళు మందలించినప్పుడు కూడా క్షమించమనలేదు. ఇంకోసారి కావాలంటే ఇంకోసారి చెబుతానన్నారు. అలాంటి ఆమె ఆ వారం కమిటీ సమావేశంలో లేచి నిలబడి, ఉగాదినాడు తాను చేసింది తప్పని, సంఘం మర్యాదకు భంగం కలిగించానని, మన్నించమని అన్నారు. మీరు చప్పట్లు కొట్టారు. టీ ఇచ్చారు. కంపెనీతో ఎవరూ మాట్లాడలేదు. ఆ నెలలోనే మేస్త్రీ పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు.

పంతం కోసం అన్నారు కదా. ఆ పంతాన్ని ఆమె మీ ముందు నేల మీద పెట్టింది. మీరు దాన్ని తొక్కుకుంటూ వెళ్ళి టీ తాగారు.

వెళ్ళే ముందు మేస్త్రీ ఆమెకు ఫోను చేశాడు. ఉద్యోగం గురించి ఒక్క మాట లేదట. "తప్పయిందని మీరెందుకన్నరు మేడమ్? నేనడిగిన మాట తప్పా?" అని మాత్రం అడిగాడట. ఈ సంగతి ఆమే నాకు చెప్పారు. నేను లాయరులా సమర్థించబోయాను. అతని మేలు కోసమే కదా అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపారు.

"ఒకే తప్పు ఇద్దరం చేసినాం పాపా. నాకు ఒక మాట పడింది. ఆయప్పకు బతుకు పోయింది. వేరు చేయడమంటే ఇదే. బల్లలూ కుళాయిలూ కాదు. ఒకే పనికి ఒకొక్కరి దగ్గర ఒకొక్క ధర." ఆ వెంటే, "ఆ క్షమాపణ మాత్రం చెప్పకుండా ఉండాల్సింది," అన్నారు.

మళ్ళీ ఆమె మొహం పూర్తిగా తేటపడటం నేను చూడలేదు. క్లాసులో చలాకీగానే ఉండేవారు, ఉగ్గాణి చేసేవారు, లిఫ్టు తలుపుకి కాలు అడ్డం పెట్టేవారు. కానీ ఏదైనా గట్టిగా చెప్పబోయి మధ్యలో ఆగేవారు. దీని ధర ఎవరి మీద పడుతుందోనని లెక్క చూసుకుంటున్నట్టు ఉండేది. తర్వాతి ఉగాదులకు హాలు లోపలికి రాలేదు. పార్సిల్ వరసలో నిలబడటం మాత్రం మానలేదు. ఎవరితోనూ ఏమీ మాట్లాడకుండా తిని ఇంటికి వచ్చేసేవారు. నేనూ, మా క్లాసువాళ్ళు ఇంకొందరూ ఆమె వెనక నిలబడేవాళ్ళం. మొదట్లో మా ఇళ్ళలో గొడవలయ్యాయి. జబ్బు ముదిరాక నిలబడే ఓపిక పోతే, ఈ ఏడు బస్సు మెట్టు మీద కూర్చున్నారు. క్యాంపు మనుషులే వరసలో ఆమె చోటు కాపాడి, పార్సిల్ తెచ్చి ఒళ్ళో పెట్టారు. ఆమె విప్పలేదు. తినే శక్తి అప్పటికే లేదు.

ఆమె భౌతికకాయాన్ని స్వదేశానికి పంపే ముందు చివరి చూపు కోసం అందరం శవాగారం దగ్గర చేరాం. పెట్టె పక్కన మన సంఘం. ఎదురుగోడ దగ్గర క్యాంపు మనుషులు. మధ్యలో ఇద్దరు పక్కపక్కన నడవగలిగే దారి. ఎవరూ గీత గీయలేదు, ఎవరూ అటు నిలబడండని చెప్పలేదు. ఏడుపులోనూ మన మన చోట్లు మనకు తెలుసు.

అభియోగానికి నా చివరి సాక్ష్యం అనంతపురం నుంచి వచ్చింది. అంత్యక్రియలైన సాయంత్రం సార్ ఫోను చేశారు. మేడమ్ పాడె మోసిన నలుగురిలో ఒకరు, వార్త తెలిసి జగిత్యాల నుంచి బస్సులు మారి వచ్చిన మేస్త్రీ. ఊళ్ళోవాళ్ళు మీరు ఏమవుతారని అడిగితే, "దుబాయ్‌ల మా మేడమ్," అన్నాడట. గల్ఫ్‌లో ఏ దేశమైనా వాళ్ళకు దుబాయే. పొట్ట కొట్టిన మనిషి పాడెను ఎవరూ భుజానికి ఎత్తుకోరు. ఆ వాక్యం రాసి తీసేసిన వారు ఎవరైనా, ఆయన తరపున మాట్లాడే హక్కు మీకు లేదు. ఆయన తన మాట తనే చెప్పుకున్నాడు.

ఇక ఈ రోజు సంగతి. ఈ సంతాప సభ పత్రిక మీదా "కుటుంబాలకు మాత్రమే" అని ఉంది. పాత అచ్చే పంపించేశామని, ఎవరూ గమనించలేదని కమిటీవారు నాతో అన్నారు. నమ్ముతాను. గమనించకపోవడమే నా ఆరోపణ. పొద్దున ఈ హాలు ఊడ్చింది, వేదిక మీద మేడమ్ ఫోటో నిలబెట్టి దండ వేసింది ఎవరో మీకు తెలుసు. వాళ్ళు ఇప్పుడు బయట బస్సులో ఉన్నారు. నేను లోపలికి వచ్చేటప్పుడు చూశాను. ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వచ్చారు. పార్సిళ్ళు ఇచ్చేశారు. ఒళ్ళో పెట్టుకుని, విప్పకుండా, అద్దాల్లోంచి ఇటే చూస్తున్నారు.

నిమిషం మౌనం పాటించమని కాసేపట్లో మిమ్మల్ని కోరతారు. అది అడగడానికి నేను రాలేదు. నేను కోరేది ఒక్కటే. కమిటీ నుంచి ఎవరో ఒకరు, ఇప్పుడే, నేను మైకు దగ్గర ఉండగానే లేచి, ఆ బస్సు దాకా నడిచి వెళ్ళి, లోపలికి వచ్చి మాతో కలిసి భోంచేయమని వాళ్ళను పిలవండి. అది మీకు కుదరదంటే, వేదిక మీది ఆ ఫోటోను దించి నా చేతికివ్వండి. ఆమెను బస్సులోకి నేను తీసుకెళతాను.